శ్రీకాకుళం బడిలో వాషింగ్టన్ ఆసియా కళ: ఒక డ్రాయింగ్ మాస్టారి సమీక్ష

పాఠ్యపుస్తకంలో అగ్గిపెట్టెంత అచ్చు బొమ్మ చూపించి ‘ఇది గొప్ప చిత్రం’ అంటే పిల్లలు ఎందుకు నమ్మాలి? నేను అమెరికా రాజధాని వాషింగ్టన్‌లోని జాతీయ ఆసియా కళా మ్యూజియం వెబ్‌సైటును పాఠాలకు వాడుకోవడం మొదలుపెట్టింది ఈ ఇబ్బంది వల్లే. శ్రీకాకుళం జిల్లాలో నాలాగే డ్రాయింగ్ చెప్పుకునేవారికి పనికొస్తుందని ఈ సమీక్ష రాస్తున్నాను.

రైలు పెట్టెల తయారీలో సంపాదించిన చార్లెస్ లాంగ్ ఫ్రీర్ 1906లో తన సేకరణను దేశానికి రాసిచ్చారు. ఆ సేకరణతో ఫ్రీర్ గ్యాలరీ 1923లో తెరుచుకుంది. పక్కనే శాక్లర్ గ్యాలరీ 1987లో వచ్చింది. ఈ రెండూ కలిసిందే ఈ మ్యూజియం, మొత్తం 40 వేలకు పైగా కళాఖండాలు. వాషింగ్టన్ వెళ్లినవారికి ప్రవేశం ఉచితం. వెళ్లలేని మనకు వెబ్‌సైటు కూడా ఉచితమే.

నాకు బాగా నచ్చినది రానున్న ప్రదర్శనల పేజీ. మ్యూజియంలో ప్రదర్శనలు కాలాన్ని బట్టి మారుతుంటాయి. దీనికి గట్టి కారణం ఉంది. పట్టు మీద, కాగితం మీద వేసిన చిత్రాలు వెలుతురు తగిలేకొద్దీ వెలిసిపోతాయి. పోయిన రంగు తిరిగి రాదు. అందుకే వాటిని 50 లక్స్ (లక్స్ అంటే వెలుతురు కొలత) చుట్టుపక్కల మసక వెలుగులో కొన్ని నెలలు చూపించి, మళ్లీ చాలాకాలం చీకటి గదిలో భద్రపరుస్తారు. అంత దూరం వెళ్లినవారికి కూడా కోరుకున్న చిత్రం గోడ మీద కనిపించకపోవచ్చు. వెబ్‌సైటులో అయితే బొమ్మ ఎప్పుడూ అందుబాటులో ఉంటుంది. రాబోయే ప్రదర్శన ఏమిటో ముందే చూసుకుని, ఆ కాలపు చిత్రాలు వెతికి పాఠం సిద్ధం చేసుకుంటాను.

జపాన్ చిత్రకారుడు తవరాయ సోతాత్సు 17వ శతాబ్దం మొదట్లో వేసిన ‘మత్సుషిమా అలలు’ మా పిల్లలకు చూపించాను. అవి రెండు మడత తెరలు. ఒక్కో తెరలో ఆరు పలకలు, వెడల్పు దాదాపు 12 అడుగులు. కంప్యూటర్ తెర మీద ఆ పరిమాణం అందదు కాబట్టి ముందు వరండాలో సుద్దముక్కతో 12 అడుగులు గీయించాను. పిల్లలు ఆ గీత వెంట నడిచాక బొమ్మ తెరిచాను. పెద్దది చేసుకుంటూ పోతే అల ఒంపులో గీత పక్కన గీత ఎలా సాగిందో, బంగారం, వెండి ఎక్కడెక్కడ వాడారో స్పష్టంగా కనిపిస్తుంది. కళింగపట్నం వైపు నుంచి వచ్చే ఒక మత్స్యకారుల కుర్రవాడు తెర దగ్గరికి వెళ్లి, ‘ఈ రాయి పక్క నీళ్లు సుడి తిరుగుతున్నాయి మాస్టారూ, పడవ ఇటు రాకూడదు’ అన్నాడు. నాలుగు వందల ఏళ్ల నాటి గీత వాడికి నేరుగా అర్థమైంది. ఒక మాస్టారికి ఇంతకంటే ఏం కావాలి!

మరో జపాన్ చిత్రకారుడు హొకుసాయి 1839లో, 80 ఏళ్లకు చేరువలో, పట్టు మీద వేసిన ఫూజీ కొండ చిత్రం కూడా తప్పక చూడండి. చెట్టు మొదలు మీద కూర్చుని వేణువు ఊదుతున్న పిల్లవాడు, ఎదురుగా కొండ. అంతే.

లోపాలూ ఉన్నాయి. వివరాలన్నీ ఇంగ్లీషులోనే. నేను ముందే చదువుకుని తెలుగులో రాసుకోకపోతే మా ఏడో తరగతికి అవి అందవు. రానున్న ప్రదర్శన గురించి చాలాసార్లు ఒక పేరా, ఒకటి రెండు బొమ్మలు తప్ప ముందుగా ఏమీ దొరకదు. ఉపాధ్యాయులకు వస్తువుల జాబితా ఇంకాస్త ముందే ఇస్తే బాగుంటుంది. ఫోనులో చూడటం దండగ, కంప్యూటర్ ఉండాలి.

ఈ వెబ్‌సైటు చూసినప్పుడల్లా నాకు శాలిహుండం మీద ఆశ పుడుతుంది. 1919లో గిడుగు రామమూర్తి పంతులు గారు వెలుగులోకి తెచ్చిన ఆ బౌద్ధ క్షేత్రం వంశధార ఒడ్డున, మాకు ఇంత దగ్గరలో ఉంది. అక్కడి తార, మారీచి అనే బౌద్ధ దేవతల విగ్రహాలను కూడా ఇలాగే ఉలి గీత కనిపించేంత దగ్గరగా ఫొటోలు తీసి, తెలుగు వివరాలతో అందరికీ అందిస్తే ఎంత బాగుంటుంది! రాతికి వెలుతురు భయం కూడా లేదు. సంబంధిత అధికారులు ఈ పని చేయాలని గట్టిగా కోరుతున్నాను.

వెబ్‌సైటుకు నేను ఐదుకు నాలుగు ఇస్తాను. తెలుగు వివరాలు ఉంటే ఐదూ ఇచ్చేవాణ్ని. వాడాలనుకునే మాస్టార్లకు ఒక మాట: బడిలో నెట్ మీద ఆధారపడకండి. స్వేచ్ఛగా వాడుకోవచ్చని గుర్తు పెట్టిన చిత్రాలను ముందు రోజే ఇంట్లో దింపుకుని పెన్‌డ్రైవ్‌లో తీసుకెళ్లండి. పెద్ద ఫైళ్లు కాబట్టి సమయం పడుతుంది.