బక్క గుర్రానికి తవుడు నూనె: రెండేళ్లు వాడాక

మాది పాలకొల్లు దగ్గర పల్లె. తాత జట్కా తోలాడు, నేను పెళ్లి ఊరేగింపులకి గుర్రాన్ని తిప్పుతాను. మాఘం, వైశాఖం, శ్రావణం వస్తే మా గౌరికి ఊపిరాడదు. డీజే మోతలో మూడేసి గంటలు నిలబడాలి. రెండేళ్ల కిందట ముహూర్తాలు అయ్యేసరికి దాని పక్కటెముకలు దూరం నుంచే లెక్కపెట్టొచ్చు. ఒక పెళ్లిలో పెద్దావిడ "దీనికి పెట్టకుండా నువ్వే తింటున్నావా బాబూ?" అంది. తల కొట్టేసినట్టయింది.

నిజానికి పెట్టడంలో లోటు లేదు. వరిగడ్డి, పూటకి కిలోన్నర తవుడు, ఉడకేసిన ఉలవలు. (ఆ ఉలవల కట్టుతో ఇంట్లో చారు కాచుకునేవాళ్లం, అది వేరే సంగతి.) బాబాయిని అడిగితే "ఉలవలు పెంచరా" అన్నాడు. పెంచాను. కండ పట్టలేదు గానీ పొగరు పట్టింది, బ్యాండు మోగితే గంతులే. ఒక దుకాణంలో అంటగట్టిన బలం పొడి కూడా వాడాను. డబ్బా అయిపోయింది, అంతే.

పశువైద్యుడు దాణా సంగతి తర్వాత, ముందు నోరు తెరవమన్నారు. దవడ పళ్ల అంచులు కత్తుల్లా పెరిగి బుగ్గ లోపల కోసుకుపోయాయి. గడ్డి నమిలి ఉండలుగా కిందకి వదిలేస్తుంటే నేను మారాం అనుకున్నాను! పళ్లు అరగదీశారు. లద్దె పరీక్ష చేయించి పురుగుల మందు వేశారు. జోరీగల వల్ల వచ్చే సర్రా జబ్బు లేదని రక్తం చూసి చెప్పారు. ఇవి చూడకుండా ఎంత నూనె పోసినా దండగే.

తర్వాత నా తవుడు మీద పడ్డారు. తవుడులో కాల్షియం కంటే భాస్వరం పది రెట్లకు పైగా ఉంటుందట. రోజూ అంతంత పెడితే గుర్రం తన ఎముకల్లోని కాల్షియం కరిగించుకుంటుంది, ముఖం ఎముకలు ఉబ్బుతాయి. ఎద్దుకి నెమరు ఉంది, వరిగడ్డితో నెట్టుకొస్తుంది. గుర్రానికి ఆ సౌకర్యం లేదు. తవుడు అరకిలోకి తగ్గించి, ఆ లోటు తవుడు నూనెతో పూడ్చమన్నారు. నూనెలో ఆ భాస్వరం గొడవ లేదు. అదే తూకం గింజలతో పోలిస్తే రెట్టింపుకు పైగా శక్తి ఇస్తుంది, పైగా పొగరెక్కించదు.

మొదటి వారం బకెట్టు వాసన చూసి మూతి తిప్పేసింది. రెండు చెంచాలతో మొదలుపెట్టి, మూడు వారాల్లో రోజుకి 200 మిల్లీలీటర్లకి తెచ్చాను, రెండు పూటలుగా. తొందరపడి ఒకసారి ఎక్కువ పోస్తే లద్దె జావైంది. నూనె పెరిగితే విటమిన్ ఇ కూడా కావాలన్నారు, అది ఇస్తున్నాను. ఉలవలు రోజుకి కిలో దాటనివ్వను. ఉప్పు మాత్రం తప్పదు, మన ఉక్కకి చెమట కాలవ కడుతుంది.

కాటా లేదు, టేపుతోనే చూశాను. ముందుకాళ్ల వెనక ఛాతీ చుట్టుకొలతని దానితోనే హెచ్చించి, భుజం కొస నుంచి పిరుదు కొస దాకా పొడవుతో మళ్లీ హెచ్చించి, 11,880తో భాగిస్తే సుమారు కిలోలు వస్తాయి, కొలతలన్నీ సెంటీమీటర్లలో. చుట్టుకొలత 150, పొడవు 138 ఉన్నప్పుడు 261 కిలోలు. నాలుగు నెలలకి చుట్టు 158 అయింది, అంటే 290. ఎముకలు ఇప్పుడు చేతికి తగులుతాయి, కంటికి కనబడవు.

ఇదంతా నూనె ఘనతే అంటే అబద్ధమే. సగం పేరు పిల్లిపెసర మేతకి ఇవ్వాలి. సార్వా కోతకి ముందు చేలో చల్లిన పిల్లిపెసర కోసి, ఎండబెట్టి దాస్తున్నాను. గుర్రం తిండిలో గడ్డిదే పెద్ద వాటా, నూనె అనేది పైన వేసే తాలింపు లాంటిది. వేసవిలో కాలువలు కట్టేస్తే పచ్చిగడ్డి దొరకదు, ఆ దాచిందే దిక్కు.

విసుగు కూడా ఉంది. బకెట్టు జిడ్డు, చీమలు, రోజుకి 30 రూపాయల దాకా ఖర్చు. వానాకాలంలో మూత సరిగా పెట్టకపోతే నూనె కనరు వాసన కొడుతుంది, అది గౌరి ముట్టదు. అందుకే పెద్ద డబ్బా మానేసి లీటరు ప్యాకెట్లు కొంటున్నాను. ఆషాఢంలో పని లేనప్పుడు సగానికి తగ్గిస్తాను. పోయినేడు తగ్గించడం మర్చిపోతే శ్రావణానికి జీను పట్టీ ఒక రంధ్రం వదులు చేయాల్సి వచ్చింది.