మంత్రి హ్యాకరా, ప్రధాని హ్యాకరా?

ఆంటొనీ జే, జొనాథన్ లిన్ రాసిన ‘యెస్ మినిస్టర్’, ‘యెస్ ప్రైమ్ మినిస్టర్’ అనే రెండు బీబీసీ హాస్య ధారావాహికల్లోనూ ముఖ్యపాత్రలు మూడే: రాజకీయ నాయకుడు జిమ్ హ్యాకర్, ఆయన తలపెట్టిన మార్పులను వినయంగానే అడ్డుకునే అధికారి సర్ హంఫ్రీ, ఇద్దరి మధ్య నలిగిపోయే ఆంతరంగిక కార్యదర్శి బెర్నార్డ్.

1980లో మొదలైన ‘యెస్ మినిస్టర్’లో హ్యాకర్ పరిపాలనా వ్యవహారాలనే కల్పిత శాఖకు మంత్రి. ఒక్క రోగీ లేకుండా, వందలాది పరిపాలనా సిబ్బందితో నడుస్తున్న ఆసుపత్రిని హంఫ్రీ ఎంతో నిష్ఠగా సమర్థించే కథ చూస్తే, నిబంధనలు, దస్త్రాలు, సంఘాలు కలిసి అసలు ప్రయోజనాన్ని ఎలా మరుగుపరుస్తాయో స్పష్టమవుతుంది. ప్రభుత్వ కార్యాలయం మెట్లెక్కిన ప్రతివారికీ ఇది పరిచితమైన లోకమే.

1986లో వచ్చిన ‘యెస్ ప్రైమ్ మినిస్టర్’లో హ్యాకర్ ప్రధాని, హంఫ్రీ క్యాబినెట్ కార్యదర్శి. తొలి భాగమే అణ్వాయుధాల గురించి. ట్రైడెంట్ క్షిపణులను వద్దనుకున్న ప్రధాని, తన కోరికకూ దేశ రక్షణ వ్యవస్థకూ మధ్య ఎంత దూరముందో తెలుసుకుంటాడు. ఇక్కడ హ్యాకర్ మునుపటి అమాయకుడు కాడు, సలహాదారు డొరొతీ అండతో హంఫ్రీని అప్పుడప్పుడు ఓడిస్తాడు కూడా.

విషయాల బరువు రెండోదానిలోనే ఎక్కువ. అయినా నా మొగ్గు మొదటిదానివైపే, ఎందుకంటే అధికార యంత్రాంగం పనితీరును అది మరింత దగ్గరగా, ఓపికగా చూపిస్తుంది. పైగా హ్యాకర్ ప్రధాని అయ్యే 1984 నాటి క్రిస్మస్ ప్రత్యేక భాగం అందులోనిదే కనుక, వరుసగా చూడటమే మేలు.