మాంటెక్రిస్టో నంబర్ 4: కోనసీమ తేమకు తట్టుకుంటుందా?

లంక పొగాకు చుట్టకు అలవాటుపడ్డ నోటికి ఈ క్యూబా సిగార్ తొలి దమ్ములో చప్పగా అనిపిస్తుంది. ఘాటు కోసం కొనే సరుకు కాదిది. 1935 నాటి బ్రాండు. నంబర్ 4 పొడవు 129 మిల్లీమీటర్లు, మందం 42 రింగ్ గేజ్, అంటే పదహారు మిల్లీమీటర్ల పైచిలుకు. లోపల తరుగు ఉండదు, నిలువాకులే చుడతారు. తీరిగ్గా కాలిస్తే ముప్పావు గంట.

మొదట్లో దేవదారు చెక్క వాసన, నాలిక చివర కాస్త ఉప్పదనం. సగానికొచ్చేసరికి వేయించిన కాఫీ గింజల చేదు, కోకో, తడిమట్టి. దీని సొగసంతా ఇక్కడే. చివర మిరియపు మంట ఎక్కువై నాలుగు సెంటీమీటర్లు మిగిలేసరికి చేదెక్కుతుంది, అక్కడితో వదిలేయాలి.

మన దగ్గర అసలు చిక్కు గాలితో. సిగార్‌కు 65 నుంచి 70 శాతం తేమ చాలు. అమలాపురం, రాజోలు వైపు వానాకాలంలో గాలిలో అంతకు మించే ఉంటుంది. ఆకు ఉబ్బి పొగ లాగడం కష్టమవుతుంది, నిప్పు మాటిమాటికీ ఆరిపోతుంది, పై ఆకు చిట్లుతుంది, పచ్చటి బూజు పడుతుంది. షాపువాళ్లు డబ్బాలో తేమను 69 శాతం దగ్గర నిలిపే ప్యాకెట్ అంటగడతారు. ఇక్కడికి 65దే మేలు. గాలి చొరబడని డబ్బాలో పెట్టండి. తడెక్కినదాన్ని కాల్చే ముందు ఒకరోజు ఏసీ గదిలో ఉంచితే దారికొస్తుంది.

ఎండాకాలం ఇంకో బాధ, పొగాకు పురుగు. వేడికి గుడ్లు పొదుగుతాయి, పై ఆకు మీద సూదిమొన బెజ్జాలు కనిపిస్తాయి. కొత్త సరుకును కవర్లో బిగించి మూడు రోజులు ఫ్రీజర్లో, ఒకరోజు ఫ్రిజ్ కింది అరలో పెట్టి ఆ తర్వాతే బయటికి తీయాలి. తిన్నగా బయట పెడితే పై ఆకు పగులుతుంది.

నోట్లో పెట్టుకునే కొసను మూసే ఆకు టోపీని రెండు మిల్లీమీటర్లే కోయండి, కిందికి కోస్తే పై ఆకు విప్పుకుపోతుంది. పెట్రోలు లైటర్ వద్దు, వాసన పట్టేస్తుంది. గ్యాస్ లైటర్ మంటను తాకనివ్వకుండా, సిగార్‌ను తిప్పుతూ అంచంతా ఎర్రబడేదాకా కాచాలి. నిమిషానికి ఒక దమ్ము చాలు. చుట్ట పీల్చినట్టు పీలిస్తే వేడెక్కి చేదు తప్ప ఏమీ మిగలదు. ఒక పక్కే కాలుతుంటే వెనకబడ్డ వైపు మంట చూపిస్తే సర్దుకుంటుంది.

పొగ మింగకూడదు. మింగకపోయినా నికోటిన్ నోటి పొరల్లోంచే ఒంటికి పడుతుంది, నోటి క్యాన్సర్ ముప్పు చుట్టకున్నట్టే దీనికీ ఉంది. పరగడుపున కాలిస్తే కళ్లు తిరిగి వాంతి వస్తుంది. పక్కన తాటిబెల్లం ముక్క, పంచదార లేని కాఫీ ఉంచుకోండి. ఆవకాయ అన్నం తిన్న వెంటనే మాత్రం డబ్బు దండగ.

పెట్టె మీద 85 శాతం మేర బొమ్మతో ఆరోగ్య హెచ్చరిక లేకుంటే అది దొంగసరుకే. 25 సిగార్లున్న పెట్టె చూసి మోజుపడకండి. తేమ కొలిచే మీటరు, సరైన డబ్బా ఇంట్లో లేనప్పుడు రెండో మూడో విడిగా కొనుక్కోవడం నయం.