కాలెట్ డై: పన్నెండేళ్లు వాడాక

చిన్నప్పుడు నాకు తెలిసిన త్రీనాట్‌త్రీ అంటే తణుకులో కాపలా కానిస్టేబులు భుజాన వేలాడేదే. ఆ జాతి తుపాకీ ఒకటి నా చేతికొస్తుందని, దాని ఖాళీ తూటాలతో పన్నెండేళ్లు కుస్తీ పడతానని అప్పుడెవరైనా చెబితే నవ్వేవాణ్ణి. ఉద్యోగం పేరుతో టెక్సాస్‌లో ఇరవయ్యేళ్లున్నాను. కెనడాలోని లాంగ్ బ్రాంచ్ కార్ఖానాలో 1943లో చేసిన లీ-ఎన్‌ఫీల్డ్ నంబర్ 4 రైఫిలు అక్కడే కొన్నాను. పేలిన తూటాల ఖాళీ డొల్లల్ని ప్రెస్సులో డై అనే అచ్చుతో నొక్కి కొలతకి తెచ్చి, మళ్లీ మందూ గుండూ నింపి వాడుకునేవాణ్ణి. పోయినేడు పెనుగొండ దగ్గర మా ఊరికి వచ్చేస్తూ రైఫిలూ ప్రెస్సూ డైలూ అక్కడే ఉంటున్న మా పిన్ని కొడుక్కి అప్పగించాను. తెచ్చుకున్నది లెక్కలు రాసుకున్న పుస్తకం ఒక్కటే. గుర్తుగా ఒక ఖాళీ డొల్లయినా తేలేదు. బ్యాగులో అది కనబడితే విమానాశ్రయంలో జరిగే మర్యాద తెలిసిందేగా. లైసెన్సు లేకుండా తూటాలు తయారుచేయడం మన దగ్గర నేరం కాబట్టి ఈ సమీక్ష అక్కడ ఉంటున్నవాళ్లకే.

తూటా పేలాక మిగిలే ఇత్తడి డొల్లని కేసు అంటారు. కోర్టు కేసుకీ దీనికీ పోలిక ఉంది, రెండూ సాగుతాయి. సాగడమే ఇక్కడ రోగం.

మొదట్లో అందరిలాగే డొల్లని నిలువునా నొక్కే ఫుల్ లెంగ్త్ డై వాడాను. నాలుగోసారి నింపిన లాటులో ఒక తూటా పేల్చి, తూటా వెనక మూతలా పడే బోల్టుని లాగితే అడుగు ముక్క మాత్రం బయటికొచ్చింది. మిగతా గొట్టం తూటా కూర్చునే గదిలో, అంటే ఛాంబర్లోనే ఇరుక్కుపోయింది. దాన్ని లాగే పనిముట్టు నా దగ్గర లేదు. ఆ పూటకి ఆట కట్టు.

తప్పు ఇత్తడిది కాదు. ఈ తూటాకి అడుగున అంచు ఉంటుంది, ఛాంబర్లో అది ఆగేది ఆ అంచు మీదే. అంచు కూర్చునే చోటు కొలత 1.63 మిల్లీమీటర్ల నుంచి 1.88 దాకా ఉన్నా సైన్యం లెక్కలో రైఫిలు పాసే. పైగా బురదంటిన తూటా కూడా దూరాలని ఛాంబర్ని వదులుగానే తొలిచారు. బోల్టు లాకులు వెనకవైపున ఉండటంతో పేలినప్పుడు అదీ కాస్త వెనక్కి ఇస్తుంది. మందు అంటుకోగానే డొల్ల ముందు గోడలు ఛాంబర్ని కరుచుకుంటాయి, అడుగు మాత్రం వెనక్కి జరుగుతుంది. ఆ ఖాళీని పూడ్చడానికి అడుగుకి కొంచెం పైన ఇత్తడి సాగి పల్చబడుతుంది. ఫుల్ లెంగ్త్ డై ఏం చేస్తుందంటే, పేలినప్పుడు ఛాంబరుకి సరిపడా ముందుకొచ్చిన భుజాన్ని (డొల్ల ఒళ్లు సన్నబడి మెడగా మారే చోటు) మళ్లీ కొత్త తూటా కొలతకి నెట్టేస్తుంది. మళ్లీ పేలుస్తాం, మళ్లీ సాగుతుంది. ఎన్నిసార్లని ఓర్చుకుంటుంది?

కాలెట్ డై డొల్ల ఒంటిని ముట్టుకోదు. కాలెట్ అనే చీలికలున్న గొట్టం మెడని చుట్టూ నొక్కి, లోపలి సన్నటి కడ్డీకి అంటేలా బిగిస్తుంది. అంతే. నూనె రాయక్కర్లేదు, తుడవక్కర్లేదు. ఫుల్ లెంగ్త్ డైలోలా మెడ లోపల్నించి ఉండను లాగే తతంగం లేదు కాబట్టి డొల్ల పొడవూ పెద్దగా పెరగదు. పన్నెండేళ్లలో నేను పొడవు కత్తిరించింది మూడు నాలుగుసార్లకి మించదు. ఇక బాధలు. కొత్తలో కాలెట్ పట్టేసింది, విప్పి చీలికల్ని సన్న ఎమరీ కాగితంతో నునుపు చేసుకున్నాకే దారికొచ్చింది. ఎంత బలంతో నొక్కాలో చెయ్యి నేర్చుకునేదాకా కొన్ని మెడలు వదులుగా ఉండి గుండు జారిపోయేది. ఏడెనిమిది నింపుళ్లకి ఒళ్లు లావై బోల్టు బిగుతుగా మూతపడేది. అప్పుడు ఫుల్ లెంగ్త్ డైనే కాస్త పైకి బిగించి, భుజం తగిలీ తగలనట్టు ఒక్కసారి వత్తి వదిలేవాణ్ణి. ఇంకో సంగతి, ఇలా అచ్చుపడిన డొల్ల ఆ ఒక్క రైఫిలుకే సొంతం.

అయితే ఈ డైని మోసేవాళ్లతో నాకో పేచీ ఉంది. పుస్తకంలో రెండు లాట్లున్నాయి, ఒక్కోటి ఇరవై. మొదటి లాటుని కొత్తగా ఉన్నప్పుడు మామూలుగా పేల్చి, తర్వాత కాలెట్ డైకి మార్చాను. తొమ్మిదో నింపుకల్లా సగానికి పైగా పారేశాను. రెండో లాటుకి మొదటి కాల్పులో అంచు ముందు సన్నటి రబ్బరు రింగు తొడిగాను. రింగు డొల్లని వెనక్కి, బోల్టుకి ఆనించి పట్టుకుంటుంది. అప్పుడు అడుగు జరగదు, భుజమే ముందుకెళ్లి ఛాంబర్ ఆకారం తెచ్చుకుంటుంది. అదే డై, అదే మందు, ఆ లాటులో పద్నాలుగు డొల్లలు పదహారో నింపు దాటాయి. అంటే తొలి కాల్పులోనే సాగిపోయిన ఇత్తడిని ఏ డై వెనక్కి తేలేదు. నా మట్టుకు డైకి సగం మార్కులు, మిగతా సగం ఆ రబ్బరు రింగుకి. మందు దట్టంగా కూరే అలవాటున్నవాళ్లకి రెండూ దండగే.

అనుమానం వచ్చిన డొల్లలోకి కొన వంచిన సన్న తీగ దూర్చి, అడుగు నుంచి పైకి గోడ వెంట లాగి చూడండి. చిన్న గాడిలా తగిలితే మారు మాట్లాడకుండా పారేయాలి.

మెడలు చీలడం వేరే రోగం. దాని మందు నాకు టెక్సాస్‌లో దొరకలేదు. 2015లో సెలవుకొచ్చినప్పుడు అజ్జరంలో బిందెలు కొట్టే బాబాయి ఒకాయన్ని అడిగాను. “కొట్టేకొద్దీ బిరుసెక్కుద్ది బాబూ. కాల్చి మెత్తబరుచుకోకుండా ఇంకా కొడితే బీటలిచ్చేద్ది” అన్నాడు, చేతిలో పని ఆపకుండానే. నొక్కడం, పేలడం, మళ్లీ నొక్కడం మెడకి సుత్తి దెబ్బలే కదా. అప్పట్నించి నాలుగైదు నింపుళ్లకోసారి డొల్లల్ని పళ్లెంలో సగానికి నీళ్లలో నిలబెట్టి, మసక వెలుతురులో మెడకి మంట చూపించేవాణ్ణి. ఎరుపు కనబడీ కనబడనప్పుడే పక్కకి పడదోయాలి. నీళ్లు ఎందుకంటే, వేడి అడుగుదాకా దిగకూడదు. అడుగు మెత్తబడితే పేలినప్పుడు ఒత్తిడికి ఆగదు, వేడి గాలి మొహం మీదికే వస్తుంది.

కడగడం గురించి చిన్న మాట. అమ్మోనియా ఉన్న పాలిష్‌లు ఇత్తడికి విషం. వెనకటికి మన దేశంలోనే ఇంగ్లీషు సైన్యం వానాకాలం తూటాల్ని గుర్రపుశాలల్లో దాచేది. వానలు వెలిశాక చూస్తే మెడల దగ్గర చీలికలు. గుర్రాల మూత్రం నుంచి వచ్చే అమ్మోనియా, ఇత్తడిలో మిగిలిన బిగువూ కలిసి చేసిన పని అని 1921లో గానీ తేలలేదు. నేను గోరువెచ్చటి నీళ్లలో చిటికెడు నిమ్మ ఉప్పు వేసి పది నిమిషాలు ఉంచి కడిగేసేవాణ్ణి. ఎక్కువసేపు ఉంచితే జింకు కరిగి డొల్ల గులాబీ రంగుకి తిరుగుతుంది.

మొన్న తమ్ముడు ఫోన్ చేశాడు. రెండో లాటులో ఇంకా పదకొండు మిగిలాయట, పద్దెనిమిదో నింపు. దేంతో కడుగుతున్నావురా అంటే, “అమ్మ పంపిన చింతపండే అన్నయ్యా” అన్నాడు. ఉప్పు మాత్రం వెయ్యకు అన్నాను.