తొమ్మిదేళ్ల విరామం తరువాత మళ్లీ ట్యాలీ: బాలాజీ కాలనీలో 45 రోజుల కోర్సు

చిత్తూరు సమీపంలోని ఒక మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో ఆరేళ్లపాటు లెక్కలు చూసి, పెద్దపాప పుట్టిన 2016లో ఉద్యోగం మానేశాను. చిన్నవాడు ఒకటో తరగతిలో చేరాక, 2025 సెప్టెంబరు మొదటి వారంలో తిరుపతి బాలాజీ కాలనీలోని ఒక శిక్షణ కేంద్రంలో ట్యాలీ (లెక్కలు రాసే సాఫ్ట్‌వేర్), జీఎస్టీ కోర్సుకు 8,500 రూపాయలు కట్టాను. పిల్లల కోసం పని ఆపి మళ్లీ అదే పనిలోకి రాదలచినవారికి ఈ కోర్సు ఎంతవరకు అక్కరకొస్తుందో చెప్పడం వరకే ఈ సమీక్ష. ఇప్పుడే బీకాం ముగించినవారి అవసరాలు వేరు.

ముందుగా చెప్పవలసింది తరగతుల వేళ గురించి. నేను విచారించిన మరో మూడు చోట్ల తరగతులు తెల్లవారి ఆరింటికో, సాయంత్రం ఐదు దాటాకో ఉన్నాయి; ఆ రెండు వేళల్లోనూ ఇల్లు వదలి రావడం పిల్లల తల్లికి సాధ్యపడదు. ఇక్కడ పదిన్నర నుంచి పన్నెండున్నర వరకు ఒక బ్యాచి నడుపుతారు. చంద్రగిరిలో పిల్లలను బడికి పంపి, పల్లెవెలుగు బస్సెక్కి, తరగతి ముగించుకుని, వాళ్లు ఇంటికి వచ్చేలోగా నేను చేరుకోగలిగాను. ఆగస్టు 15 నుంచి ఆడవాళ్లకు ఆ బస్సుల్లో జీరో టికెట్ రావడంతో రానూపోనూ ఖర్చు కూడా తప్పింది. ఈ ఒక్క కారణానికే సగం రుసుము చెల్లిందని అనుకుంటున్నాను.

రెండవది బోధకుని తీరు. నేను పని చేసిన రోజుల్లో వ్యాట్, అంటే జీఎస్టీకి ముందటి అమ్మకపు పన్ను, ఉండేది. నెలనెలా వ్యాట్ రిటర్ను అయిన 200 నంబరు ఫారం దాఖలు చేయడంతో పాటు, తమిళనాడు కొనుగోలుదారుల నుంచి సి-ఫారాలు (పొరుగు రాష్ట్రపు అమ్మకానికి తక్కువ పన్ను వేయడానికి కొన్నవారు ఇచ్చే పత్రాలు) రాబట్టడానికి ఫోన్ల మీద ఫోన్లు చేయడం నా పనిలో పెద్ద భాగం. 2017 జూలై 1న జీఎస్టీ వచ్చింది. 2020లో ట్యాలీ ఈఆర్‌పీ 9 స్థానంలో ట్యాలీ ప్రైమ్ అనే కొత్త వెర్షన్ వచ్చింది. ఈ రెండూ నేను ఇంట్లో ఉండగానే జరిగిపోయాయి. అయితే చెల్లింపుకు ఎఫ్5, జర్నలుకు ఎఫ్7, అమ్మకానికి ఎఫ్8 అన్నవి మారలేదు. మొదటి రోజు నా వేళ్లు వాటంతటవే ఆ మీటల మీదికి వెళ్లడం గమనించి, బోధకుడు నన్ను డెబిట్, క్రెడిట్ పాఠాల నుంచి తప్పించి నేరుగా జీఎస్టీఆర్-2బి (మన కొనుగోళ్ల మీద ఎంత పన్ను క్రెడిట్ వస్తుందో జీఎస్టీ పోర్టల్ చూపే పట్టిక) దగ్గర కూర్చోబెట్టారు.

అక్కడే నాకు ధైర్యం వచ్చింది. వేలూరు వ్యాపారి మనకు బిల్లు ఇస్తే చాలదు, అతడు దానిని తన జీఎస్టీఆర్-1లో, అంటే అమ్మకాల రిటర్నులో, చూపితేనే మన 2బిలో కనబడుతుంది, కనబడితేనే ఇన్‌పుట్ క్రెడిట్ తీసుకోగలం, అంటే కొన్నప్పుడు కట్టిన పన్నును మనం కట్టవలసిన దానిలో తగ్గించుకోగలం అని ఆయన వివరించినప్పుడు, ఇది నా పాత సి-ఫారాల వేటేనని అర్థమైంది. అప్పుడు కొన్నవాడి వెంట పడేదాన్ని, ఇప్పుడు అమ్మినవాడి వెంట పడాలి. పన్ను కట్టే నెలవారీ రిటర్నుకు (జీఎస్టీఆర్-3బి) గడువు మాత్రం అప్పటిలాగే 20వ తేదీ.

మా బ్యాచి సగంలో ఉండగా, సెప్టెంబరు 22న, 12, 28 శాతం శ్లాబులు చాలావరకు తొలగి సరుకులు 5, 18 శాతాల్లోకి సర్దుకున్నాయి. ఆ వారం బోధకునితో సహా అందరమూ కొత్తవాళ్లమే. పాత బిల్లుకు పాత రేటు, 22 నుంచి జరిగే సరఫరాకు కొత్త రేటు ట్యాలీలో ఎలా వేరుచేయాలో స్టాక్ ఐటమ్‌ల వారీగా ఆయన మా చేత చేయించిన తీరు ఈ కోర్సులో అన్నింటికన్నా మేలైన భాగం.

లోపాలు తక్కువేమీ కావు. టీడీఎస్‌కు (చెల్లింపులో ముందే కోసే ఆదాయపు పన్నుకు) ఒకే ఒక్క తరగతి కేటాయించారు. ప్రభుత్వ పోర్టల్‌లో నమోదు చేసే బిల్లు అయిన ఇ-ఇన్‌వాయిస్‌ను బోర్డు మీద గీసి చూపారే తప్ప ఎవరి చేతా చేయించలేదు. ఏటా టర్నోవరు 5 కోట్ల రూపాయలు దాటిన వ్యాపారాలకు అది తప్పనిసరి కాబట్టి ఈ ఊరి టోకు దుకాణాల్లో పని వెతుక్కునేవారికి అది తెలియకపోతే కష్టం. దరఖాస్తులో భర్త ఫోన్ నంబరు తప్పనిసరిగా రాయించుకుని, నేను రాని రోజున ఆయనకు సందేశం పంపారు. నలభైకి దగ్గరపడిన మనిషికి ఈ హాజరు పట్టిక ఎందుకో అడిగితే, పద్ధతి అదేనన్నారు. ఉద్యోగం చూపుతామన్న మాట రెండు నంబర్లు రాసిన కాగితంతో ముగిసింది. పైగా, ఆ తొమ్మిదేళ్లూ ట్యూషన్లు చెప్పినట్లు బయోడేటాలో రాయమని కార్యాలయంలో ఒకరు సలహా ఇచ్చారు. నేను రాయలేదు. పిల్లల పెంపకం కోసం మానేశానని ఒక వాక్యం, 2బి సరిచూడగలనని మరొక వాక్యం రాశాను. లీలామహల్ కూడలి దగ్గరి పన్నుల సలహాదారు ఒకరు ఆ రెండవ వాక్యం గురించి మాత్రమే ప్రశ్నలడిగి, పూటపనికి రమ్మన్నారు.

చేరదలచినవారు పగటి బ్యాచిలో పన్నెండు మందినే తీసుకుంటారని గమనించి ముందుగా అడగడం మంచిది. సొంత ల్యాప్‌టాప్ లేకపోతే మొదటి రోజే కాస్త తొందరగా వెళ్లి కిటికీ పక్క వరుసను వదిలి కూర్చోండి. అక్కడి రెండు కీబోర్డుల్లో ఎఫ్7 పడదు.