రెడీమేడ్ కార్బన్ ఫైబర్ ఎలక్ట్రోడ్లు: కొనొచ్చు, కానీ నమ్మి వదిలేయకూడదు

మెదడు రసాయనమైన డోపమైన్‌ను వోల్టామెట్రీతో (వోల్టేజీ మారుస్తూ కరెంటు చూసే పద్ధతితో) కొలవడం మొదలుపెట్టే పీహెచ్‌డీ విద్యార్థికి ఎదురయ్యే మొదటి ప్రశ్న: ఎలక్ట్రోడ్లు చేసుకోవాలా, కొనుక్కోవాలా? చేసుకోవాలంటే 7 మైక్రాన్ల కార్బన్ పోగును సక్షన్‌తో గాజు క్యాపిలరీలోకి లాగాలి, పుల్లర్‌లో (గాజును వేడిచేసి లాగే యంత్రంలో) సాగదీయాలి, మైక్రోస్కోప్ కింద 100 మైక్రాన్ల దగ్గర బ్లేడుతో కోయాలి. చెయ్యి వణికిందా, చెత్తబుట్టకే. సాయంత్రాలన్నీ దీనికే పోతాయి. కొన్నవాటితో ఆ సాయంత్రాలు ఆటకో, ఇంటివాళ్లకో, కనీసం నిద్రకో మిగులుతాయి. నా లెక్కలో వాటికి పెట్టే డబ్బు అందుకే.

నాణ్యత మాత్రం ఒక ప్యాకెట్‌లో ఉన్నట్టు ఇంకోదాంట్లో ఉండదు. వాడే ముందు ప్రతిదాన్నీ మైక్రోస్కోప్ కింద చూడాల్సిందే. గాజు, పోగు కలిసేచోట సందు కనిపిస్తే పక్కన పెట్టేయండి. అందులోకి ద్రావణం పాకి నాయిస్ పెరుగుతుంది, బ్యాక్‌గ్రౌండ్ కరెంటు నిలకడగా ఉండదు. ఆసిలోస్కోప్‌లో గీత చదునుగా వస్తే పోగు విరిగిందన్నమాట, లేదా లోపలి తీగ తగలడం లేదు.

మంచిదనిపిస్తే ఎలక్ట్రోడ్ మొనను యాక్టివేటెడ్ కార్బన్ కలిపిన ఐసోప్రొపనాల్‌లో కనీసం 10 నిమిషాలు ముంచండి. తర్వాత -0.4 నుంచి +1.3 వోల్టుల దాకా వెళ్లి వెనక్కొచ్చే వోల్టేజీ స్కాన్, సెకనుకు 400 వోల్టుల వేగంతో, ముందు 60 హెర్ట్జ్‌లో (సెకనుకు 60 స్కాన్లు) పావుగంట, ఆపైన 10 హెర్ట్జ్‌లో ఇంకో పది నిమిషాలు. ఇది తొందరపెడితే డ్రిఫ్ట్ (సిగ్నల్ మెల్లగా జారిపోవడం) రోజంతా వేధిస్తుంది.

డోపమైన్ ఆక్సిడేషన్ పీక్ +0.6 వోల్టుల దగ్గర, రిడక్షన్ -0.2 దగ్గర రావాలి. రెండూ కలిసి ఒకేవైపు జరిగితే పాపం కొన్న ఎలక్ట్రోడ్‌ది కాదు. వోల్టేజీని పోల్చి చూడటానికి పెట్టే రిఫరెన్స్ వెండి తీగ మీది క్లోరైడ్ పూత అరిగింది. తీగను బ్లీచ్‌లో నల్లబడేదాకా ఉంచితే సరిపోతుంది. పీహెచ్ మారినా సిగ్నల్ వస్తుంది గనుక ఒక్క పీక్ ఎత్తు చూసి డోపమైన్ అనేయకండి, వోల్టామోగ్రామ్ (వోల్టేజీతో పాటు కరెంటు మారే గీత) ఆకారం మొత్తం చూడండి.

ప్యాకెట్‌తో వచ్చే కాలిబ్రేషన్ (ఎంత సిగ్నల్‌కు ఎంత డోపమైన్ అన్న లెక్క) కాగితం అలంకారమే. కణజాలంలోకి దిగాక సున్నితత్వం తగ్గుతుంది కాబట్టి ప్రయోగం తర్వాత ఫ్లో సెల్‌లో (తెలిసిన గాఢత ద్రావణం పారించే చిన్న గదిలో) మళ్లీ కొలవాలి. డోపమైన్ స్టాక్‌ను 0.1 నార్మల్ పెర్‌క్లోరిక్ ఆసిడ్‌లో ఉంచి, బఫర్‌లో అప్పటికప్పుడు కలపండి, పీహెచ్ 7.4లో నిల్వ ఉంచితే అది ఆక్సిడైజ్ అయిపోతుంది.

మరో మెదడు రసాయనమైన సెరటోనిన్ కొలిచేవాళ్లు ఇంకొన్ని ఎక్కువే తెప్పించుకోవాలి. దాని ఆక్సిడేషన్ ఉత్పత్తులు పోగుకు అంటుకుని సిగ్నల్‌ను త్వరగా చంపేస్తాయి.