రసీదు ఇవ్వని కౌన్సెలింగ్: ఎనిమిది సెషన్ల తర్వాత నా అభిప్రాయం

నేను ఆడిటర్ని. వోచరు లేని పద్దు కనిపిస్తే నాకు నిద్ర పట్టదు. అలాంటివాణ్ని, పోయి పోయి కౌన్సెలింగ్ కేంద్రం మెట్లెక్కాను. మా అక్క కొడుకు, పదిహేడేళ్లవాడు, రెండేళ్లుగా నా దగ్గరే ఉండి చదువుకుంటున్నాడు. పరీక్షలు దగ్గరపడుతున్న కొద్దీ కాలేజీకి వెళ్లడం తగ్గించి, చివరికి మూడు వారాల పాటు గదిలోంచి బయటికి రావడమే మానేశాడు. వాడి కోసం ఎనిమిది సెషన్లు తీసుకున్నాం, ఒక్కొక్కటి యాభై నిమిషాలు. వాటిలో నేను లోపల ఉన్నది మొదటి రోజు ఇరవై నిమిషాలు, ఆరో సెషన్ చివర కాసేపు. ఇవి కాక నాకంటూ విడిగా ఒక గంట ఇచ్చారు. మిగతాదంతా బయట బెంచీ మీదే. కాబట్టి ఇది చాలావరకు తలుపు బయట కూర్చున్నవాడి సమీక్ష. ప్రచురించే ముందు వాడికి చూపించాను.

ఇక్కడికి రాకముందు ఇంకో చోటికి వెళ్లాం. పేరు అనవసరం. అక్కడ మావాడి పది వేళ్ల ముద్రలూ తీసుకుని, వారం తిరక్కుండా ముప్పై ఎనిమిది పేజీల రంగుల నివేదిక చేతిలో పెట్టారు. తర్కం ఇంత శాతం, నాయకత్వం ఇంత శాతం, సంగీతం ఇంత శాతం. దాంతోపాటు నలభై నిమిషాల ఉపన్యాసం: క్రమశిక్షణ, లక్ష్యం, పెద్దవాళ్ల త్యాగం. ఆ నలభై నిమిషాల్లో మావాడు అన్నది "సరే సార్" ఒక్కటే, నాలుగుసార్లు. నిజం చెప్పాలంటే ఆ రోజు నాకు తృప్తిగానే ఉంది. బరువైన ఫైలు, కింద సంతకం, పక్కన ముద్ర. వేలి మీది గీతలు బిడ్డ కడుపులో ఉండగానే, ఆరో నెల నాటికే ఏర్పడిపోతాయనీ, వాటిని చూసి ఎవరు ఏ చదువుకు పనికొస్తారో చెప్పే శాస్త్రమేదీ లేదనీ తర్వాత చదివి తెలుసుకున్నాను. సరుకు రాకుండా బిల్లు మాత్రం పక్కాగా ఉన్న లావాదేవీలను ఎన్నో పట్టుకున్నాను. ఇది నా ఇంట్లోనే జరిగింది.

ఈ రెండో కేంద్రంలో మొదటి రోజే నాకు చిర్రెత్తింది. కౌన్సెలర్ ఒక కాగితం తీసి మా ఇద్దరికీ చదివి వినిపించారు. లోపల మాట్లాడుకున్నది లోపలే ఉంటుంది. వాడి ప్రాణానికి ముప్పు ఉన్నా, వాడి వల్ల ఇంకొకరికి ముప్పు ఉన్నా, వాణ్ని ఎవరైనా హింసిస్తున్నారని తెలిసినా, కోర్టు అడిగినా తప్ప. అలాంటప్పుడు కూడా వీలైనంతవరకు ముందు వాడికి చెప్పి, ఆ తర్వాతే నాకు చెబుతారట.

"ఫీజు కట్టేది నేను కదండీ, వారం వారం ఏం జరిగిందో నాకు తెలియొద్దా?" అన్నాను.

"బాబు ఎన్నింటికి వచ్చాడో, ఎన్నింటికి వెళ్లాడో చెబుతానండి. మిగతాది తను చెప్పాలనుకుంటే తనే చెబుతాడు" అన్నారు ఆవిడ, ఏ మాత్రం తొణక్కుండా.

అప్పటిదాకా నేలచూపులు చూస్తున్న మావాడు తలెత్తి ఆవిడ వైపు చూశాడు. నాకు అది గుర్తుండిపోయింది, కానీ ఆ పూట కోపమే ఎక్కువగా ఉంది. ఇంటికి వచ్చేదాకా మాట్లాడలేదు.

రెండో సెషన్ నుంచి బయటికి వచ్చినవాణ్ని ఏం మాట్లాడారని అడిగాను. "చాలాసేపు ఏమీ మాట్లాడలేదు మామయ్యా" అన్నాడు. గోడ గడియారం ఎదురుగానే ఉందట, పదకొండు నిమిషాలట. యాభైలో పదకొండు అంటే ఇరవై రెండు శాతం. ఫీజులో ఆ వాటా ఎంతో అక్కడికక్కడే లెక్క వేసేశాను, అలవాటు. మరి ఆవిడేం చేశారు? ఏమీ చేయలేదు, ఫోను చూసుకోలేదు, రాసుకోలేదు, ఊరికే కూర్చున్నారు. ఇబ్బందిగా లేదా? "మొదట్లో ఉంది. తర్వాత నేనే మొదలుపెట్టాను."

బెంచీ మీద ఖాళీగా కూర్చోలేక ఈ విద్య గురించి చదవడం మొదలుపెట్టాను. నా పద్ధతికీ ఒక పెద్దమనిషి దన్ను ఉందని తెలిసి సంబరపడ్డాను. అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో ఇ. జి. విలియంసన్ అనే ఆయన 1930లలోనే విద్యార్థి మార్కులు, పరీక్షల ఫలితాలు, ఇంటి వివరాలు అన్నీ సేకరించి, లోపం ఎక్కడుందో తేల్చి, ఏం చేయాలో సూటిగా చెప్పే పద్ధతి నడిపాడు. అచ్చం ఆడిట్. కార్ల్ రోజర్స్ అనే మనస్తత్వవేత్త దానికి ఎదురు నిలిచాడు. మనిషి మారడానికి కౌన్సెలర్ వైపు నుంచి కావలసినవిగా 1957లో ఒక వ్యాసంలో ముఖ్యంగా మూడు చెప్పాడు: ఎదుటివాడి లోకాన్ని వాడి కళ్లతో చూడగలగడం, షరతులు పెట్టకుండా గౌరవించడం, కౌన్సెలర్ తాను నటించకుండా ఉండడం. ఆ పదకొండు నిమిషాలు రోజర్స్ ఖాతాలోవి. నాకు విలియంసనే నచ్చాడు. ఇప్పటికీ కొంచెం నచ్చుతాడు, ఎందుకో కింద చెబుతాను.

ఆ రెండో సెషన్‌లోనే ఆవిడ వాణ్ని ఒక ప్రశ్న అడిగారు. సున్నా అంటే ఘోరం, పది అంటే అంతా బాగుంది, నువ్వు ఎక్కడున్నావు? మూడు అన్నాడు. నేనైతే మిగతా ఏడు ఏమైందని అడిగేవాణ్ని. ఆవిడ "రెండు ఎందుకు కాదు?" అన్నారట. స్టీవ్ డి షేజర్, ఇన్సూ కిమ్ బెర్గ్ దంపతులు 1970ల చివర మిల్వాకీలో మొదలుపెట్టిన పద్ధతిలోది ఈ ప్రశ్న. పోయినదాన్ని తవ్వడం కంటే మిగిలి ఉన్నదాన్ని వెతకడం వాళ్ల దారి. మావాడు చాలాసేపు ఆలోచించి, పక్కింటి పాపకు రోజూ సాయంత్రం కిటికీలోంచి లెక్కలు చెబుతున్నానని చెప్పాడు. మూడు వారాలు ఒకే ఇంట్లో ఉండి నాకు ఆ సంగతి తెలియదు.

మూడో సెషన్ తర్వాత వాడి చేతికి ఒక నోటు పుస్తకం వచ్చింది. దాన్ని చూశాక నాకు ఈ కేంద్రం మీద మొదటిసారి గురి కుదిరింది, ఎందుకంటే అది పద్దుల పుస్తకమే. ఒక పేజీ వాడే చూపించాడు. అడ్డంగా గీతలు కొట్టి గడులు: జరిగినది, తట్టిన ఆలోచన, దాన్ని ఎంత శాతం నమ్ముతున్నాను, అవుననే ఆధారాలు, కాదనే ఆధారాలు, ఇప్పుడు ఎంత శాతం. ఆ పేజీలో ఉన్నది ఇదీ: కెమిస్ట్రీ సార్ పేరు పెట్టి పిలిచారు. నాకేమీ రాదని క్లాసు మొత్తానికి తెలిసిపోతుంది. 90. అవుననేవి: పోయిన పరీక్షలో ఇరవై అయిదుకు పదకొండు. కాదనేవి: అంతకుముందు అడిగిన మూడింటిలో రెండు చెప్పాను, పక్కవాడికీ రాలేదు, ఎవరూ నవ్వలేదు. ఇప్పుడు: 55.

"సున్నాకు రావాలి కదరా?" అన్నాను.

"సున్నా రాస్తే అబద్ధం అవుతుంది కదా మామయ్యా."

ఇరవై ఏళ్లుగా నా దగ్గర పని నేర్చుకున్న కుర్రాళ్లకు నేను చెబుతున్న మాట ఇదే. అంకె అందంగా ఉండనక్కర్లేదు, ఆధారం ఉండాలి. ఆరన్ బెక్ అనే మానసిక వైద్యుడు 1960లలో రూపొందించిన చికిత్స నుంచి ఈ పుస్తకం వచ్చింది. అంతా బాగుందని అనుకోమని అది చెప్పదు, తనిఖీ చేయమంటుంది. కాలేజీ సంగతి కూడా ఒక్క దూకుడులో తేల్చలేదు. మొదటి వారం గేటు దాకా వెళ్లి రావడం. తర్వాత లైబ్రరీలో అరగంట. ఆ తర్వాత ఇష్టమైన ఒక్క క్లాసు. వెళ్లకుండా ఆగిపోయిన ప్రతిసారీ కలిగే ఉపశమనమే భయాన్ని పెంచి పోషిస్తుందట, అప్పు తీర్చడానికి అప్పు చేసినట్టు.

నాకిచ్చిన గంటలో ఆవిడ నాకూ ఒక పని పెట్టారు. ఒక్క సాయంత్రం నేను వాణ్ని ఎన్ని ప్రశ్నలు వేస్తున్నానో లెక్కపెట్టాలి. లెక్కపెట్టడం నాకు ఒకరు నేర్పక్కర్లేదు. పడుకునే వేళకు పద్నాలుగు తేలాయి. ఎన్ని గంటలు చదివావు అన్నది ఒక్కటే మూడుసార్లు. పెద్దవాళ్లు మార్పు వైపు ఎంత లాగితే పిల్లలు మారకపోవడానికి అన్ని కారణాలు వెతుక్కుంటారని, విలియం మిల్లర్ అనే మనస్తత్వవేత్త 1983 నుంచీ అభివృద్ధి చేసిన ఒక పద్ధతి గురించి చెప్పారు. 'చదవాలని లేదు' అంటే 'ఎందుకు లేదు' అనకుండా, 'పుస్తకం తీస్తేనే చిరాగ్గా ఉన్నట్టుంది' అని ఆగాలి. ఇంటికి వచ్చి అలాగే అన్నాను. వాడు పకాలున నవ్వి, "ఇది మేడం నేర్పారు కదా" అన్నాడు. దొరికిపోయాను. అయినా ఆ రాత్రి ఇరవై నిమిషాలు మాట్లాడాడు.

ఇక తిట్టాల్సినవి. నాలుగో సెషన్ వీడియోలో అన్నారు. మా ఇంట్లో గోడలు పలుచన, అవతలి గదిలో దగ్గితే ఇవతలికి వినిపిస్తుంది. గోప్యత గురించి కాగితం చదివి సంతకం పెట్టించుకున్నవాళ్లు ఇంట్లో వీలుంటుందా అని ఒక్కమాట అడగలేదు. యాభై నిమిషాలు నేను మెట్ల మీద కూర్చున్నాను.

ఐదో సెషన్ అంతకంటే అన్యాయం. కౌన్సెలర్ సెలవులో ఉన్నారని అప్పటికే రెండు వారాలు వాయిదా వేసి, చివరికి చెప్పాపెట్టకుండా ఇంకొకర్ని కూర్చోబెట్టారు. ఆయన పాత ఫైలు చూసినట్టు లేదు. 'అయితే ఏమిటి సమస్య?' దగ్గర నుంచి మొదలుపెట్టారట. మావాడు పన్నెండు నిమిషాల్లో బయటికి వచ్చేశాడు. కౌన్సెలింగ్ ఫలించడానికి ఇద్దరి మధ్య ఉండాల్సిన వాటిని ఎడ్వర్డ్ బోర్డిన్ అనే మనస్తత్వవేత్త 1979లో మూడుగా చెప్పాడు: ఎక్కడికి వెళ్లాలన్న దానిలో ఒప్పందం, ఎలా వెళ్లాలన్న దానిలో ఒప్పందం, ఒకరి మీద ఒకరికి గురి. మొదటి రెండూ ఫైలులో దొరుకుతాయేమో. మూడోది ఇంకొకరి పేరు మీదికి బదిలీ కాదు. ఆ విరామానికీ తర్వాత జరిగినదానికీ సంబంధం ఉందని నేను రుజువు చేయలేను, కానీ నా అనుమానం నాకుంది.

ఆరో సెషన్‌కు వాడు ఒక్కడే వెళ్లాడు. మధ్యాహ్నం మూడున్నరకు ఆఫీసులో ఉండగా ఆవిడ ఫోను చేశారు. "బాబు నా ఎదురుగానే ఉన్నాడు. మీకు చెబుతున్నానని తనకు చెప్పాను. మీరు ఇప్పుడు రావాలి, మీరు వచ్చేదాకా మేమిద్దరం ఇక్కడే ఉంటాం." నేను వెళ్లేసరికి నిజంగానే ఇద్దరూ కూర్చుని ఉన్నారు. తను లేకపోతే బాగుండునన్న ఆలోచన వాడికి కొన్నాళ్లుగా వస్తోందని ఆవిడను చెప్పనిచ్చి, మిగతాది వాడే చెప్పాడు. నా మొదటి ఆలోచన ఎంత తెలివితక్కువదో దాచను: ఆవిడ చావు మాట ఎత్తి వాడికి లేనిపోనిది ఎక్కించారా? పక్కకు పిలిచి ఆ మాటే అన్నాను. సూటిగా అడిగితే ఆ ఆలోచన పుట్టదండీ, లోపల ఒంటరిగా మోస్తున్నవాళ్లకు దించుకునే చోటు దొరుకుతుంది అన్నారు.

తర్వాత ముగ్గురం కూర్చుని ఒక కాగితం రాశాం. ఆలోచన ముదురుతోందని ఏ గుర్తుల వల్ల తెలుస్తుంది, అప్పుడు వాడు తనంతట తాను ఏం చేయగలడు, ఎవరి దగ్గరికి వెళ్లి కూర్చోవచ్చు, ఎవరికి విషయం చెప్పవచ్చు, ఏ వైద్యుడికి ఫోను చేయాలి, ఇంట్లో ఏవేవి తాళం వేసి ఉంచాలి. స్టాన్లీ, బ్రౌన్ అనే ఇద్దరు నిపుణులు తయారుచేసిన వరుస ఇది. ఆ కాగితం మాత్రం నాకు ఒక ప్రతి ఇచ్చారు, నాకు దక్కిన ఏకైక పత్రం. మర్నాడే మానసిక వైద్యుడి దగ్గరికి పంపారు. తమ పరిధి దాటిన పనిని తామే అట్టిపెట్టుకోలేదు, దానికి అదనంగా మార్కులు వేస్తాను. ఇప్పుడు వైద్యుడి దగ్గరికీ వెళ్తున్నాడు, ఇక్కడికీ వెళ్తున్నాడు.

చివరి రెండు సెషన్లు కాస్త తేలికపడ్డాక, ముందు ఏం చదవాలన్న దాని మీద జరిగాయి. ఫ్రాంక్ పార్సన్స్ 1908లో బోస్టన్‌లో మొదటి వృత్తి సలహా కేంద్రం పెట్టినప్పుడు చెప్పిన సూత్రమే ఈనాటికీ పునాది: నిన్ను నువ్వు తెలుసుకో, పనిని తెలుసుకో, రెండింటినీ కలిపి ఆలోచించు. మొదటి భాగం బాగా చేశారు. జాన్ హాలండ్ అనే మనస్తత్వవేత్త చెప్పిన ఆరు రకాల ఆసక్తుల మీద ప్రశ్నపత్రం ఇచ్చి, వచ్చిన ఫలితాన్ని రెండే పేజీల్లో వివరించారు, అది కూడా 'ఇది తీర్పు కాదు, మాట మొదలుపెట్టడానికి' అంటూ. (ఆ పత్రం నేనూ నింపాను. పద్ధతి, క్రమం, రికార్డులు ఇష్టపడే రకమని వచ్చింది. ఆశ్చర్యపోవడానికి ఏమీ లేదు.) వాడికి ఆసక్తి ఉన్న పని చేస్తున్న ఇద్దరితో మాట్లాడి రమ్మన్నారు, వెళ్లి వచ్చాడు. రెండో భాగంలోనే తేలిపోయారు. కోర్సుల జాబితా రెండేళ్ల నాటిది. గడువులు, అర్హతలు అడిగితే మీరే చూసుకోండి అన్నారు. ఇక్కడే నాకు విలియంసన్ గుర్తొచ్చేది. మనసు విప్పడానికి మౌనం పనికొస్తుంది. దరఖాస్తు ఆఖరి తేదీ ఎప్పుడో ఎవరో ఒకరు నోరు విప్పి చెప్పాలి.

నివేదిక కావాలనుకునేవాళ్లు, పిల్లవాణ్ని లోపలికి పంపి బాగుచేసి తెమ్మనేవాళ్లు ఇక్కడికి వెళ్లకండి, డబ్బు దండగ అనిపిస్తుంది. వెళ్లేవాళ్లు మాత్రం కౌన్సెలర్ మారితే ముందుగా చెబుతారా అని మొదటి రోజే అడిగి రాయించుకోండి. మావాడు ఇప్పుడు వారంలో నాలుగు రోజులు కాలేజీకి వెళ్తున్నాడు. ఐదో రోజు సంగతి నేను అడగడం లేదు.

పదికి ఏడు వేశాను. వాడు నా వెనక నిలబడి తెర మీద చూస్తూ, "ఆరెందుకు కాదు మామయ్యా?" అన్నాడు.

"మూడున్నరకు ఫోను చేశారు కదరా, దానికి."

వాడు తలూపి, పేజీ పైకి జరిపి, తీసేయాల్సిన రెండు వాక్యాలూ వేలితో చూపించాడు. తీసేశాను.